గుట్టల నడకకు తేలికైన నీళ్ల సీసాను ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

పాండవుల గుట్టల్లో రోజంతా నడవాలి, స్టీలు సీసా బరువు మోయలేను, ఏం చేయాలన్నది ప్రశ్న. లీటరు నీళ్లు కిలో బరువు, దాన్ని తగ్గించలేం. తగ్గించగలిగేది పాత్ర బరువే.

ఖాళీ అయిన లీటరు కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. మంచినీళ్ల సీసా కన్నా ఇదే నయం. గ్యాసు ఒత్తిడికి తట్టుకునేలా చేస్తారు కాబట్టి గోడ గట్టిగా ఉంటుంది, బరువు మాత్రం 50 గ్రాములకు మించదు. మూత కింద, మెడ చుట్టూ ఒక చిన్న అంచు కనిపిస్తుంది చూడండి, మన పనికి ఆధారం అదే. నూలు నవారు ఒక కొసను ఆ అంచు కింద బిగించి కట్టండి. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కోసి, ఆ రబ్బరు ఉంగరాన్ని సీసా అడుగు వైపు తొడగండి. నవారు రెండో కొసను దాని చుట్టూ మడిచి గట్టిగా కుట్టేయండి. సన్న తాడు మాత్రం వద్దు, నిండు సీసా బరువుకు భుజం కోసుకుపోతుంది.

మే నెల వరంగల్ ఎండలో అయితే సీసాకు తడి నూలుగుడ్డ చుట్టండి. తడి ఆరుతూ వేడిని లాగేస్తుంది, కుండలో జరిగేదీ ఇదే. ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు మోసుకెళ్లిన మన పెద్దలకు ఈ తేలికదనం విలువ బాగా తెలుసు.

వేడినీళ్లు పోయకండి, సీసా ముడుచుకుపోతుంది. ముందురోజు రాత్రి నింపి, పాత పేపరు మీద తలకిందులుగా నిలబెట్టండి. పొద్దున పేపరు తడిసి ఉంటే మూత మార్చాలి.