భుజం ఆపరేషన్: నొప్పి తగ్గింది, చేయి లేపొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. కుడి భుజంలో టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెగితే 5 వారాల కిందట కీహోల్ ఆపరేషన్ చేసి కుట్టారు. నొప్పి దాదాపు పోయింది. ఫిజియోథెరపిస్టు మాత్రం చేయి సొంతంగా లేపొద్దంటున్నారు. కదపకపోతే బిగుసుకుపోతుందని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఫిజియోథెరపిస్టు మాటే వినండి. నొప్పి పోయిందంటే వాపు తగ్గిందని అర్థం, టెండన్ అతుక్కుందని కాదు. తెగిన కొసను ఎముకలో బిగించిన యాంకర్లకు (చిన్న మేకుల్లాంటివి) దారాలతో కడతారు. అది ఎముకతో కలిసి కాస్త గట్టిపడటానికి సుమారు 12 వారాలు పడుతుంది. ఈలోగా బరువు మోసేది ఎక్కువగా దారమే. మీరు చేయి లేపితే కుట్టిన కండరమే లాగుతుంది, దారం మెత్తటి టెండన్‌ను కోసుకుంటూ ఊడొచ్చు. బిగుసుకున్న భుజాన్ని తర్వాత వ్యాయామాలతో చాలావరకు వదులు చేయొచ్చు. ఊడిన టెండన్‌కు ఆ అవకాశం తక్కువ.

కదపొద్దంటే బొత్తిగా కదపొద్దని కాదు. సర్జన్ అనుమతిస్తే వెల్లకిలా పడుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా పైకి లేపండి. కుడి చేయి సాయం పట్టకూడదు. 10 సార్ల చొప్పున రోజుకు 2, 3 విడతలు చాలు. ముందుకు వంగి చేయి ఊపే వ్యాయామంలో చాలామంది చేతినే తిప్పుతారు. ఊగాల్సింది నడుము, చేయి ఊరికే వేలాడాలి. వేళ్లు, మణికట్టు ఎప్పుడైనా ఆడించొచ్చు. బైసెప్స్ (దండ ముందు వైపు కండరం) టెండన్‌నూ కుట్టి ఉంటే మోచేయి మడిచే ముందు సర్జన్‌ను అడగండి.

పడుకునేటప్పుడు వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, మోచేయి వెనక్కి జారకుండా దాని కింద మడత తువ్వాలు ఉంచండి. చొక్కా వేసుకునేటప్పుడు కుడి చేయి ముందు, విప్పేటప్పుడు చివర. చేతిని వీపు వెనక్కి పోనివ్వకండి.

స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) సాధారణంగా 6 వారాలకు తీస్తారు, చిరుగు పెద్దదైతే ఇంకా ఆలస్యం. తర్వాత కర్ర సాయంతో, ఆపై సొంతంగా లేపిస్తారు. అప్పుడు భుజం చెవి వైపు ఎగిరిపడుతుంటే ఎత్తు తగ్గించండి. రబ్బరు బ్యాండు లాగే వ్యాయామాలు 12 వారాల తర్వాతే, బరువైన పనులు 6 నెలల దాకా వద్దు. మధుమేహం, పొగతాగే అలవాటు ఉంటే అతుకు ఆలస్యమవుతుంది.

భుజంలో ‘టక్’మని శబ్దమై బలం తగ్గినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి రసి కారినా వెంటనే సర్జన్‌కు చూపించండి.