గణితం - పాఠకుల ప్రశ్నలు: దిబ్బ చుట్టూ తిరిగే నీరు, కొదైరా జ్యామితి

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. గణితంలో అత్యున్నత గౌరవాలలో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్న మొదటి జపనీయుడు కొడైరా అని ఎక్కడో చదివి, ఆయన కనిపెట్టినదేమిటో చెప్పమని నన్ను అడిగింది. నేను సోషల్ టీచరును, చెప్పలేకపోయాను. మా బోటివాళ్లకు అర్థమయ్యేలా మీరు చెప్పగలరా? ఇంకొక మాట. అర్థం కాని నిరూపణను మా అమ్మాయి నోటుపుస్తకంలో నాలుగైదుసార్లు ఎత్తి రాస్తుంది. ఇది బట్టీ అలవాటని, దీనివల్ల పరీక్షలో వేగం రాదని కాలేజీలో అంటున్నారు. మాన్పించమంటారా? ఆ పేజీల జిరాక్సు జతపరుస్తున్నాను.
- ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: మాన్పించవద్దండీ. రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పడానికి కారణం ఉంది. మీరు అడిగిన ఆ గణితవేత్త కూడా అలాగే చదువుకున్నారు. జపనీయుల ఉచ్చారణలో ఆయన ఇంటిపేరు కొదైరా, సొంత పేరు కునిహికో. విద్యార్థిగా ఉన్నప్పుడు తన స్థాయికి మించిన బీజగణిత గ్రంథం చదువుతూ, నిరూపణ అంతుపట్టని చోటల్లా దాన్ని నోటుపుస్తకంలోకి మళ్లీ మళ్లీ ఎత్తి రాసుకునేవాడినని, అది కంఠతా వచ్చేసరికి అర్థమైనట్టు తోచేదని ఆయన తరువాతి కాలంలో రాసుకున్నారు. గణితం అర్థం కావడమంటే తర్కంలో ఒక్కొక్క మెట్టూ సరిచూసుకోవడం మాత్రమే కాదని, కంటికి చెట్టు కనబడినట్టు మనసుకు ఒక గణిత విషయం కనబడడమని, చూపూ వినికిడీ వంటి ఇంద్రియమొకటి అందుకు కావాలని ఆయన నమ్మకం.

మీరు పంపిన పేజీలు శ్రద్ధగా చూశాను. y = mx + c అనే సరళరేఖ y² = 4ax అనే పరావలయాన్ని స్పర్శించాలంటే c = a/m కావాలన్న నిరూపణ అది. మొదటిసారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపింది. రెండోసారి ఒక పంక్తి జారిపోయింది. మూడోసారి "విచక్షణి సున్న కావాలి" అన్న మాట పక్కన పెన్సిలుతో "ఎందుకు?" అని వేసుకుంది. నాలుగోసారి ఆ ప్రశ్న లేదు, దాని చోట "రెండు ఖండన బిందువులూ ఒకటైపోతాయి కాబట్టి" అని చిన్న అక్షరాలతో ఉంది. ఆ వాక్యం పుస్తకంలో లేదు, అమ్మాయి స్వయంగా చూసి రాసింది. దీన్ని బట్టీ అనడం న్యాయం కాదు. బట్టీ పట్టేవారికి ఆ "ఎందుకు" రాదు.

ఇక కొదైరా సంగతి. ఆయన 1915 మార్చి 16న టోక్యోలో పుట్టారు. టోక్యో విశ్వవిద్యాలయంలో 1938లో గణితంలోను, 1941లో భౌతికశాస్త్రంలోను పట్టాలు పుచ్చుకున్నారు. యుద్ధకాలంలో పాశ్చాత్య దేశాల పత్రికలు జపానుకు రావడం మానేశాయి. అడగడానికి తోటి నిపుణులు లేరు, అచ్చులో కొత్త ఫలితాలు లేవు. జర్మన్ గణితవేత్త హెర్మన్ వైల్ 1913లో రీమాన్ తలాల మీద, అంటే సంకీర్ణ సంఖ్యలతో అల్లిన వక్రతలాల మీద, ప్రచురించిన గ్రంథం ఆయనకు దారి చూపింది. ఆ ఏళ్లలో ఆయన పట్టుకున్న విషయం హరాత్మక క్షేత్రాలు. వాటిని చెప్పడానికి మన డెల్టాలోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది.

గుండ్రటి రొయ్యల చెరువు ఒకటి ఊహించుకోండి. ఏరేటర్లు తిప్పితే నీరు చెరువంతా గిర్రున తిరుగుతుంది, మడ్డి నడిమధ్యకు చేరుతుంది. చెరువులోకి నీరు రావడం, పోవడం లేకుండా, ఎక్కడా సుడి అన్నది లేకుండా, నీరు అలా తిరుగుతూ ఉండగలదా? ఉండలేదు. గట్టు వెంబడి నీరు తిరుగుతున్నదంటే లోపల ఎక్కడో సుడి ఉండి తీరాలి. ఇప్పుడు ఆ చెరువు మధ్యలో మట్టిదిబ్బ ఒకటి ఉన్నదనుకోండి. అప్పుడు దిబ్బ చుట్టూ నీరు తిరుగుతూనే, నీరున్న ఏ చోటా సుడి లేకుండా ఉండవచ్చు. ఇటువంటి ప్రవాహమే హరాత్మక క్షేత్రం. రెండు కొబ్బరి ఈనెలను అడ్డంగా కట్టి ఆ నీటిలో వదిలితే, అది దిబ్బ చుట్టూ ప్రదక్షిణం చేస్తుందే గాని తన చుట్టూ తాను తిరగదు. ఒరిపిడి లేని ఆదర్శ ప్రవాహాన్ని ఉద్దేశించి చెబుతున్నాను, నిజమైన చెరువులో కొంత తేడా వస్తుంది. దిబ్బ ఒకటైతే ఇటువంటి మూల ప్రవాహం ఒకటే. దిబ్బలు రెండైతే మూల ప్రవాహాలు రెండు, మిగిలినవన్నీ ఆ రెంటిని పాళ్లలో కలిపితే వచ్చేవి. అంటే చెరువు చూడకపోయినా, అందులో సుడిలేని ప్రవాహాలు ఎన్ని రకాలో తెలిస్తే దిబ్బలు ఎన్నో లెక్క చెప్పేయవచ్చు. నీటి కదలికను వర్ణించేది కలన గణితం, దిబ్బల సంఖ్య ఆకారానికి సంబంధించినది. ఈ రెండూ ఒకే లెక్కకు రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎన్ని పరిమాణాల (డైమెన్షన్ల) వక్ర ఆకారాలకైనా ఈ సంబంధం నిలుస్తుందని చెప్పినవారు బ్రిటిష్ గణితవేత్త హాడ్జ్. ఆయన నిరూపణలో లోపముంటే, అమెరికాలో వైల్, జపానులో కొదైరా ఎవరికి వారే దాన్ని సరిచేశారు. కొదైరా అక్కడ ఆగలేదు. చెరువుకు ఒకచోట నీరు వచ్చే తూము, ఇంకొకచోట పోయే తూము పెడితే ఎటువంటి ప్రవాహాలు సాధ్యం, ఎన్ని సాధ్యం అన్నది ఆయన తరువాతి ప్రశ్న. వచ్చే నీరూ పోయే నీరూ సమానమైతేనే లెక్క కుదురుతుందన్నది మనకు తెలిసిన సంగతే. ఆ సామాన్య సత్యం ఎక్కువ పరిమాణాలలో ఎన్ని రూపాలు తీసుకుంటుందో ఆయన తేల్చిన వ్యాసం 1949లో అమెరికాలో అచ్చయింది. వైల్ పిలుపు మీద ఆ సంవత్సరమే ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థకు వెళ్లారు. భౌతిక శాస్త్రవేత్త తొమొనాగా కూడా అప్పుడే అక్కడికి వెళ్లారు. తరువాత పద్దెనిమిదేళ్లు కొదైరా జీవితం అమెరికాలోనే గడిచింది.

అక్కడ చేసిన పనిలో రెండు సిద్ధాంతాలు మీ అమ్మాయికి చెప్పదగినవి. మొదటిది 1953 నాటి శూన్యత సిద్ధాంతం. ఒక ఆకారం మీద మనకు కావలసిన ప్రమేయాలు ఎన్ని ఉన్నాయో లెక్కించే సూత్రం పాతదే, కాని అది ధాన్యాన్ని గోతంతో కలిపి తూచినట్టు, అక్కరలేని పదాలను కూడా చేర్చి ఒకే మొత్తంగా ఇస్తుంది. ఆకారం మీది వక్రత తగినట్టు ధనాత్మకంగా ఉన్నప్పుడు ఆ అక్కరలేని పదాలన్నీ సున్న అవుతాయని, అంటే గోతానికి బరువే లేదని, కాబట్టి తూకంలో వచ్చినది అచ్చంగా ధాన్యం బరువేనని కొదైరా నిరూపించారు.

రెండోది 1954 నాటిది. ఆయన సిద్ధాంతాలన్నిటిలో నాకు ఎక్కువ అందంగా తోచేది ఇదే. మీ అమ్మాయి చదివే వృత్తమూ దీర్ఘవృత్తమూ బహుపది సమీకరణాలతో పుట్టినవి, సమీకరణం ముందు, బొమ్మ తరువాత. దీన్ని తిరగేసి అడగండి. సంకీర్ణ సంఖ్యలతో అతుకులు అతికి తయారుచేసిన వక్ర ఆకారమొకటి మన ముందుంది. దానికి బహుపది సమీకరణాలు ఉన్నాయా, లేవా? కొదైరా చెప్పిన జవాబు ఇది. కేలర్ కొలత అనే ఒక ప్రత్యేకమైన కొలమానం ఆ ఆకారం మీద ఉండి, దానితో ఆకారం లోపల ఉండే మూసిన తలాలను కొలిచినప్పుడు ప్రతి కొలతా పూర్ణసంఖ్యగా వస్తే, సమీకరణాలు తప్పక ఉంటాయి. కొలతలో భిన్నాలు లేకపోవడమే సమీకరణం ఉన్నదనడానికి సాక్ష్యం. ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఆయనకూ ఫ్రాన్స్‌కు చెందిన సెర్‌కూ ఫీల్డ్స్ పతకాలు ఇచ్చినప్పుడు, ఇద్దరి కృషినీ సభకు వివరించింది వైల్ గారే. యుద్ధకాలంలో ఒంటరిగా ఏ పుస్తకంతో కొదైరా పని మొదలుపెట్టారో, ఆ పుస్తకం రాసిన మనిషి చేతనే ఆ మాటలు వినడం ఆయన భాగ్యం.

ప్రశ్న: బీజీయ జ్యామితిలో, అంటే బహుపది సమీకరణాలు ఇచ్చే ఆకారాల గణితంలో, కే3 తలాలు అనేవి ఉన్నాయని, ఆ పేరుకూ హిమాలయాలకూ సంబంధం ఉందని మా సీనియర్ చెప్పాడు. నిజమేనా అండీ? అందులో కొదైరా పాత్ర ఏమిటి?
- డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: దాదాపు నిజమే, అయితే అది కారకోరం శ్రేణి. 1958లో ఫ్రెంచి గణితవేత్త ఆంద్రె వేయ్ ఈ పేరు పెట్టారు. కుమ్మర్, కేలర్, కొదైరా అన్న మూడు పేర్లలోని మూడు "కే"ల గౌరవార్థమనీ, కశ్మీరులోని అందమైన కే2 శిఖరం జ్ఞాపకార్థమనీ ఆయనే చెప్పారు. అనంతంలోని బిందువులను కూడా కలుపుకున్న మూడు పరిమాణాల సంకీర్ణ ప్రక్షేప అంతరాళంలో x⁴ + y⁴ + z⁴ + w⁴ = 0 అన్న సమీకరణం ఇచ్చే తలం వీటిలో ఒకటి.

కొదైరా పాత్ర తెలియాలంటే ముందు గారె దగ్గర మొదలుపెట్టాలి. సాగే గుణమున్న ఒక సమాంతర చతుర్భుజం తీసుకుని ఎదురెదురు భుజాలు అతికిస్తే గారె పైతలం వస్తుంది. కంటికి గారెలన్నీ ఒకే ఆకారం. కాని మొదట తీసుకున్న చతుర్భుజం భుజాల నిష్పత్తి, కోణం మారితే, సంకీర్ణ సంఖ్యల దృష్టిలో అవి వేరువేరు గారెలు. నిష్పత్తి ఒకటి, కోణం ఒకటి, ఈ రెండు వాస్తవ సంఖ్యలూ కలిసి ఒక సంకీర్ణ పరామితి. ఇదే ప్రశ్నను ఎక్కువ పరిమాణాల ఆకారాలకు వేసి, ఒక ఆకారం తన రూపు చెడకుండా లోపలి నిర్మాణాన్ని ఎన్ని విధాల మార్చుకోగలదో లెక్కించే విరూపణ సిద్ధాంతాన్ని కొదైరా తన మిత్రుడు డొనాల్డ్ స్పెన్సర్‌తో కలిసి 1950ల చివరలో నిర్మించారు. గారెకు ఒకటైన ఆ పరామితి కే3 తలానికి 20. ఏ కే3 తలాన్ని తీసుకున్నా దాన్ని క్రమంగా మారుస్తూ మరే కే3 తలంగానైనా మార్చవచ్చని 1960లలో ఆయన నిరూపించారు. ఇటలీ గణితవేత్త ఎన్రిక్వెస్ బీజీయ తలాలకు చేసిన వర్గీకరణను కూడా ఆ దశకంలోనే తిరిగి పునాదుల నుంచి కట్టి, సమీకరణాలు లేని సంకీర్ణ తలాలకు సైతం విస్తరించారు. ఆ వర్గాలను వేరుచేసే సంఖ్యకు ఇప్పుడు కొదైరా పరిమాణమని పేరు. దాన్ని అన్ని పరిమాణాలకూ నిర్వచించినది ఆయన శిష్యుడు ఇటాకా.

ప్రశ్న: కొదైరా తరువాత జపానులో ఎవరు? మనవాళ్లెవరైనా ఈ దారిలో పనిచేశారా?
- ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: 1970లో హిరొనాకా, 1990లో మొరి ఫీల్డ్స్ పతకాలు అందుకున్నారు, ఇద్దరిదీ బీజీయ జ్యామితే. తలాల వర్గీకరణలో తొలిమెట్టును మూడు పరిమాణాలకు చేర్చడం మొరి చేసిన గొప్ప పని. మనవారిలో ముందుగా చెప్పవలసినది మద్రాసులో పుట్టి, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పనిచేసిన సి.పి. రామానుజం గారిని. శ్రీనివాస రామానుజన్ వేరు, ఈయన వేరు. పైన చెప్పిన శూన్యత సిద్ధాంతం మీద 1972లో ఆయన ప్రచురించిన వ్యాసం ఆ సిద్ధాంతపు హద్దులను పెంచింది. 1974లో, 36 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. ఆయన పేరు మన కాలేజీల్లో వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: పిల్లలు బిట్లకు అలవాటుపడి జ్యామితి నిరూపణలు చదవడం లేదు. ఇంత పెద్ద గణితవేత్తలకు బడి పాఠాల మీద అభిప్రాయాలు ఉంటాయా?
- జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు, నరసాపురం

జవాబు: కొదైరాకు గట్టి అభిప్రాయాలే ఉండేవి. 1967లో స్వదేశం చేరి 1975 వరకు టోక్యో విశ్వవిద్యాలయంలోను, ఆపైన గకుషుయిన్ విశ్వవిద్యాలయంలోను బోధించారు. "నవ్య గణితం" పేరుతో చిన్న తరగతుల్లోనే సమితులు ప్రవేశపెట్టడాన్ని ఆయన బహిరంగంగా వ్యతిరేకించారు. లెక్కలు చేయడమే ఇంకా కుదురుకోని వయసులో సమితుల భాష మోపడం వృథా అని ఆయన వాదన. బొమ్మను చూస్తూ తర్కాన్ని నడిపించే అలవాటు పిల్లలకు యూక్లిడ్ జ్యామితి ద్వారా వచ్చినట్టు మరొకదాని ద్వారా రాదన్నారు. ఊరికే విమర్శించి ఊరుకోకుండా, బడి పిల్లల పాఠ్యపుస్తకాలకు స్వయంగా సంపాదకత్వం వహించారు. 1997 జులై 26న మరణించారు.

ఆ పుస్తకాలలో పది, పదకొండు తరగతులవి ఇంగ్లీషులోకి వచ్చాయి, అమెరికన్ గణిత సంఘం ప్రచురించింది. వీలైతే బడి గ్రంథాలయానికి తెప్పించండి. ఈలోగా ఒక పని చేసి చూడండి. ఒకే చాపం మీది కోణాలు సమానమన్న పాఠం చెప్పేముందు, ఒక్కొక్కరి చేత వేర్వేరు చోట్ల మూడు బిందువులు పెట్టించి, బొమ్మ గీయించి, కోణమానినితో కొలిపించండి. కొలతలు పక్కవాళ్లతో పోల్చుకున్నాక, అది అన్ని వృత్తాలకూ ఎందుకు నిజమని వాళ్లలో ఎవరో ఒకరు అడిగేదాకా నిరూపణ మొదలుపెట్టకండి. ఆ పిల్లలు ఏమి రాశారో, వీలైతే ఒకటి రెండు పేజీలు నాకు కూడా పంపండి.