ఫోను పక్కన పెట్టి మీరే మాట్లాడండి

నమస్కారమండీ. మూడు నెలలుగా ఫోనులో రికార్డు చేసి రోజంతా వినిపిస్తున్నా మీ బడ్జీ (చిన్న పెంపుడు చిలుక) ఒక్క మాటా పలకలేదని, నాలుక గీయమని ఎవరో సలహా ఇచ్చారని రాశారు.

దయచేసి నాలుక జోలికి వెళ్లకండి! చిలుకకు శబ్దం పుట్టేది నాలుకలో కాదు, గాలిగొట్టం రెండుగా చీలే చోట ఉండే సిరింక్స్‌లో. ఆ శబ్దాన్ని మలచడానికి నాలుక సాయపడుతుంది, అంతే. దాన్ని గీస్తే నొప్పి, పుండు తప్ప మాట రాదు.

అసలు చిక్కు ఫోనుతోనే. చిలుకకు మాట అంటే తన గుంపుతో కలిసే దారి. ఎవరితో బతుకుతుందో వారి పలుకునే పట్టుకుంటుంది. అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే చిలుకకు సుమారు 100 మాటలు నేర్పిన శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ పద్ధతి చూడండి: ఇద్దరు మనుషులు దాని ఎదుట ఒక వస్తువు పట్టుకుని, ఒకరు పేరు అడిగితే మరొకరు చెప్పేవారు. సరిగ్గా చెప్పినవారికే ఆ వస్తువు. చూస్తున్న చిలుక పోటీకి దిగేది. మీ ఇంట్లోనూ ఇద్దరు కలిసి ఇలా చేయండి, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. మాట ఒక్కటే, ఉత్సాహంగా. పంజరంలో అద్దం ఉంటే తీసేయండి, ధ్యాసంతా దానిమీదే పోతుంది.

మగ బడ్జీలు త్వరగా నేర్చుకుంటాయి. మీది ఆడదైతే మరికొంత ఓపిక పట్టండి.