మామయ్యగారి నోటుపుస్తకంలో అత్తయ్యగారు

విజయవాడ నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఆమె మామగారు ఆదివారం తెల్లవారుజామునే కోడలినీ, ఇద్దరు మనవలనూ వెంటబెట్టుకుని కొండపల్లి అడవికో, ఉప్పలపాడు పక్షుల చెరువుకో, భవానీ ద్వీపానికో బయలుదేరేవారు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పిల్లలను తీసుకుని ఆమె ఇప్పటికీ ఆ చోట్లకే వెళుతున్నారు. ఇంట్లో దండ వేసిన ఫొటో ముందు నిలబడితే తనకేమీ అనిపించడం లేదని, చెరువుగట్టు మీద నిలబడితే మాత్రం ఆయన పక్కనే ఉన్నట్టుంటుందని రాశారు. ఏటి సూతకంలో ఈ కొండలు, షికార్లు ఏమిటని ఆడపడుచు బంధువులందరి ముందూ అన్నారట. అత్తగారు అవుననలేదు, కాదనలేదు. మామగారి బైనాక్యులర్లు అడిగితే మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారట. సంవత్సరీకం అయ్యేదాకా ఈ ప్రయాణాలు మానుకోవాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీరు అడిగినదానికి జవాబు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఏడాది లోపల కొండ ఎక్కవద్దని పెద్దలు చెప్పేది దేవుడి కొండల గురించి. ఇంద్రకీలాద్రి, మంగళగిరి, కోటప్పకొండ, వీటి విషయంలో మీ ఇంటి ఆనవాయితీ ఎలా ఉంటే అలా చేయండి, అనుమానముంటే మీ పురోహితుల్ని అడగండి. కొండపల్లిలో మీరు ఎక్కుతున్నది రెడ్డిరాజుల నాటి కోట ఉన్న కొండ, ఉప్పలపాడులో ఉన్నది ఒక ఊరి చెరువు. పక్షులను చూస్తే తప్పు అని ఏ శాస్త్రంలోనూ ఉండదు. ఇక మామగారు పోతే కోడలు ఇంతగా బెంగ పెట్టుకోవడమేమిటని మీ వెనుక అనుకునేవాళ్లు ఉంటే, వాళ్లకు మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. పుట్టిల్లు వదిలి వచ్చిన పిల్లకు, అత్తవారింట్లో తన ఇష్టాయిష్టాలు కనుక్కుని మాట్లాడిన మొదటి మనిషి మామగారే అయితే, ఆయన కోసం ఆమె ఎంత ఏడ్చినా అందులో ఎబ్బెట్టు ఏమీ లేదు. ఈ ప్రశ్న ఇంతటితో పూర్తయింది.

నన్ను ఆపేసిన చోటు మరొకటి ఉంది. మీ మామగారు ప్రతి ప్రయాణం తర్వాత ఏమేమి చూశారో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారని చెప్పి, ఆయన ఎంత శ్రద్ధగా గమనించేవారో నాకు తెలియడం కోసం ఒక రోజు రాతను మక్కీకి మక్కీ దించి పంపారు. అది ఇలా ఉంది: "ఉప్పలపాడు. ఉదయం ఆరున్నర. గూడబాతులు చాలా వచ్చాయి. ఎర్రకాళ్ల కొంగలు గూళ్లకు పుల్లలు మోస్తున్నాయి. కోడలు, పిల్లలు. ఆవిడ రాలేదు, మోకాళ్లు."

ఆ చివరి వాక్యం మీ చేత్తోనే రాశారు. రాసి, దాని గురించి ఒక్క మాట కూడా అనకుండా ఆడపడుచు మాటల దగ్గరకు వెళ్లిపోయారు. మీ ఉత్తరంలోని అసలు సంగతంతా ఆ వాక్యంలోనే ఉందని నేను నమ్ముతున్నాను. మీ ఆడపడుచు మాటలు నాలుగు రోజులు బాధపెట్టి పోతాయి. మీవారు ప్రతి నెలా మాసికం పెడుతున్నారు, తండ్రికి చేయవలసినది తనకు తెలిసిన పద్ధతిలో చేస్తున్నారు, ఆయన్ని అలా ఉండనివ్వండి. మీరు చూసుకోవలసినది మీకూ మీ అత్తగారికీ మధ్య ఏముందన్నదే.

ఇలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడు అందులో వంట ఎవరు చేశారో ముందు చూస్తాను. మీ అత్తగారు మీ ఉత్తరంలో ముఖ్యంగా మూడు చోట్ల కనిపించారు. మొదట, శనివారం రాత్రి చింతపండు నానబెట్టి, మీరెవ్వరూ లేవకముందే లేచి పులిహోర కలిపి, దద్దోజనంలో తిరగమోత వేసి, క్యారేజీ గిన్నెలు సర్ది గుమ్మం దగ్గర పెట్టే మనిషిగా. రెండోసారి, ఇప్పుడు ఆదివారం పూట లేవడం మానేసిన మనిషిగా. అందువల్ల దారిలో తాడేపల్లిలో ఇడ్లీలు కొనుక్కోవలసి వస్తోందని మీరు కొంచెం నిష్ఠూరంగానే రాశారు. మూడోసారి, బీరువా తాళంతో. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారైనా మీతో వచ్చారా, రమ్మని మీలో ఎవరైనా అడిగారా అన్నది ఎక్కడా లేదు. మోకాళ్ల నొప్పులని మామగారు రాసుకున్నారు, సరే. మోకాళ్ల నొప్పులున్న మనిషి నాలుగింటికే లేచి నలుగురికి సరిపడా వంట ఎలా చేయగలిగారో మీ ఇంట్లో ఎవరికీ తట్టలేదా?

ఆవిడ అప్పుడప్పుడూ సణిగేవారంటూ మీరు ఉదాహరించిన మాట ఒకటి ఉంది: "ఆయన కాలవగట్టు మీద, నేను క్వార్టర్సు గుమ్మంలో, మా కాపురమంతా అంతే." అది సణుగుడు కాదమ్మా, ఆవిడ జీవితచరిత్ర. లాకుల దగ్గర క్వార్టర్సులో కాపురం చేసిన ఆడవాళ్లను అడగండి, చెబుతారు. వర్షాకాలంలో వరద వస్తుందంటే ఆయన ఇంట్లో ఉండరు. ఏ అర్ధరాత్రో కాలవకు గండి పడిందని కబురు వస్తే అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోతారు. వేసవిలో కాలవలు కట్టేస్తే కాస్త తీరికని అనుకుంటారేమో, మరమ్మతులన్నీ ఆ రోజుల్లోనే. ఉద్యోగమున్నంతకాలం నీటికి ఇచ్చిన మనిషి రిటైరయ్యాక తనకు మిగులుతాడని ఏ భార్యకైనా ఆశ ఉంటుంది. ఆయన రిటైరయ్యాక కూడా గట్టు మీదికే వెళ్లారు. ఈసారి కోడలినీ మనవలనూ తీసుకుని వెళ్లారు. ఆవిడ మళ్లీ గుమ్మంలోనే మిగిలారు.

పోయిన మనిషిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కాని ఆయన మంచితనం గురించి ఇన్ని పేజీలు రాసిన మీరు ఈ మాట కూడా వినాలి. భార్య రాలేదన్న సంగతి ఆయన గమనించారు, గమనించి పుస్తకంలో ఎక్కించారు. ఆ వెలితి తనకు తెలుస్తోందని ఆవిడతో ఎప్పుడైనా అన్నారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించదు. మన ఇళ్లల్లో మంచి మగవాళ్లు చాలామంది ఇలాగే ఉంటారు. నీటిమట్టం ఎంతో, పక్షులు ఎన్నో రాసుకుంటారు, ఇంట్లో మనిషితో చెప్పవలసిన ఒక్క ముక్క మాత్రం చెప్పకుండానే వెళ్లిపోతారు.

కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయిందని, 1952లో అది తెగిందని, ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చిందని మీ పిల్లలు గడగడా చెబుతారట. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊళ్లో ఎక్కడెక్కడ నుంచి పోతాయో తెలుసట, కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టును అడవిలో చూసి గుర్తుపడతారట. చాలా సంతోషం, ఆ తాతగారు పిల్లలకు ఇవ్వగలిగినంత ఇచ్చారు. వాళ్ల నాయనమ్మ ఏ లాకు దగ్గర కాపురానికి వచ్చిందో, వాళ్ల నాన్న ఏ కాలవ ఒడ్డున పుట్టాడో ఆ పిల్లలకు తెలుసా? తెలియకపోతే ఆ లోటు వాళ్ళది కాదు.

ఇక బైనాక్యులర్ల సంగతి. ఆవిడ తాళం వేసుకున్నారని బాధపడ్డారు, బాగానే ఉంది, మరి నోటుపుస్తకం మీ దగ్గరకు ఎలా వచ్చింది? "పుస్తకం నా దగ్గరే ఉంది" అని మాత్రమే రాశారు, అడిగి తీసుకున్నానని రాయలేదు. ఆయన వస్తువులు రెండు మిగిలాయి. ఒకటి మీరు దాచుకున్నారు, రెండోది ఆవిడ దాచుకున్నారు. తేడా ఏమిటంటే, ఆవిడ దాచుకున్నందుకు నాకు ఫిర్యాదు వచ్చింది.

కటువుగా ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. ఆయన ఫొటోలో లేరని, చెరువుగట్టు మీద ఉన్నారని మీరే అన్నారు. అది మీరు నిజంగా నమ్ముతున్నట్లయితే, ప్రతి ఆదివారం ఆయన ఉన్నచోటికి మీరు వెళుతూ, ఆయన లేని ఇంట్లో ఆయన భార్యను ఆ ఫొటోతో వదిలి వెళుతున్నారు. ఈ ఏడాదిలో ఆవిడను ఎవరు ఎక్కడికి పిలుస్తారు? శుభకార్యాలకు పిలవరు, పిలిచినా ఆవిడ రారు. పరామర్శకు వచ్చినవాళ్లు కూడా మొదటి నెల దాటాక తగ్గిపోతారు. సూతకం మీకూ ఉంది, మీవారికీ ఉంది, కాని నాలుగు గోడల మధ్య దాన్ని రోజంతా మోస్తున్నది ఆవిడ ఒక్కరే. ఆదివారం తెల్లవారుజామున పిల్లల చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు విని కూడా పడక మీద నుంచి లేవని మనిషికి నిద్ర పట్టి ఉంటుందని నేను అనుకోను.

ఏం చేయాలో చెబుతాను. పిల్లలు బడికి వెళ్లాక, ఆడపడుచుగాని మరెవరుగాని లేని రోజు చూసుకుని, ఆ పుస్తకం తీసుకుని అత్తగారి పక్కన కూర్చోండి. క్షమాపణలతో మొదలుపెట్టకండి, బైనాక్యులర్ల ఊసు అసలే ఎత్తకండి. "అత్తయ్యగారూ, మామయ్యగారు మీ గురించి రాసుకున్నారు, చదవమంటారా?" అని అడగండి. ఒప్పుకుంటే, ఆవిడ ప్రస్తావన ఉన్న ప్రతి పేజీ చదవండి. రాలేదన్న మాట ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లూ, తేదీతో సహా చదవండి. అందుకోసం ఆ పుస్తకమంతా ముందుగా మీరు మరోసారి చదువుకోవలసి ఉంటుంది, ఈసారి పక్షుల కోసం కాదు. ఆవిడ ఏడవవచ్చు, ఇప్పుడు చదివితే ఏం లాభమని విసుక్కోవచ్చు, ఆయన మీదే కోపం తెచ్చుకుని నాలుగు మాటలు అనవచ్చు. అప్పుడు మాత్రం మామగారి తరఫున వకాల్తా పుచ్చుకోకండి. అన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆయన మీద కోపగించుకునే హక్కు ఉంది, ఆ హక్కు మీకు లేదు. చదవడం అయ్యాక పుస్తకం ఆవిడ చేతికిచ్చి లేచి రండి. మీకు కావలసిన పేజీలేవైనా ఉంటే ముందే ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి, పుస్తకం మాత్రం ఆవిడది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆగి, ఆవిడకు ఎక్కడికైనా వెళ్లాలని ఉందేమో కనుక్కోండి. మీరే ఒక చోటు నిర్ణయించి, కారు గుమ్మం ముందు పెట్టి, మార్పుగా ఉంటుంది రమ్మని బలవంతపెట్టవద్దు. కొండపల్లి ఆవిడ వల్ల కాదు, అడవిలో నడక కూడా కాదు. భవానీ ద్వీపానికి వెళ్లాలంటే పడవ ఎక్కి దిగాలి, అదీ కష్టమే. ఉప్పలపాడు చెరువు ఊరిని ఆనుకునే ఉంది, ఎక్కవలసిన కొండ లేదు, ఒక మడతకుర్చీ తీసుకువెళితే గట్టు మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు. చలికాలంలో చెరువు మధ్య తుమ్మచెట్లన్నీ పక్షులతో నిండి ఉంటాయి. ఇన్నేళ్లు ఆయన ఇంటికొచ్చి చెప్పిన గూడబాతులను ఆవిడ ఒక్కసారి తన కళ్లతో చూడాలని కోరుకోవచ్చు.

లేదా ఆవిడ మరో చోటు అడగవచ్చు. అస్థికలు హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట కలిపారని మీ ఉత్తరంలో ఒక ముక్క ఉంది. వెళ్లింది మీవారు, చిన్నాన్నలు, మిగతా మగవాళ్లు. మన ఇళ్లలో అలాగే జరుగుతుంది, దాన్ని ఇప్పుడు తప్పనడం లేదు. కాని ఆయన చివరకు చేరిన చోటు ఏదో ఆవిడ చూడలేదు. అడిగితే తప్పకుండా తీసుకువెళ్లండి. అవనిగడ్డ, కోడూరు మీదుగా పాలకాయతిప్ప తీరం దాకా కారు వెళుతుంది. అక్కడి నుంచి సంగమం దాకా ఇసుకలో నడక ఆవిడ మోకాళ్లకు సాధ్యం కాదు కనుక ఆ ఒడ్డున కూర్చోబెట్టినా చాలు. ఆ రోజు పిల్లలు ఉండాలా వద్దా అన్నది కూడా ఆవిడ ఇష్టమే. మీరు రాకుండా కొడుకుతోనే వెళతానని ఆవిడ అంటే నొచ్చుకోకుండా ఇంట్లో ఉండండి.

ఎక్కడికీ రానని అంటే అక్కడితో వదిలేయండి. మీ ప్రయాణాలు పూర్తిగా మానమని నేను చెప్పను, మానితే అది మీ ఆడపడుచు మాటకు భయపడి మానినట్టవుతుంది, మీకు ఆ అగత్యం లేదు. ఒక ఆదివారం వెళ్లండి, మరో ఆదివారం ఇంట్లో ఉండి పిల్లలను నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టి లాకుల కబుర్లు చెప్పించండి. వెళ్లిన రోజు ఆవిడ వంట చేయాలని ఎదురుచూడకండి. తిరిగి వచ్చాక ఏం చూశారో పిల్లలను ముందు ఆవిడకే చెప్పమనండి.

మీవారితో మాత్రం ఈ వారంలోనే మాట్లాడండి. హంసలదీవి ప్రయాణమే తేలితే సెలవు పెట్టి కారు నడపవలసింది ఆయన. బంధువుల ముందు తన భార్యను అన్న అక్కగారికి జవాబు చెప్పవలసింది కూడా ఆయనే, మీరు కాదు.