భూమి పరుగు మనకెందుకు తెలియదు?

ప్రశ్న: భూమి సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందని చదివాను. అంత వేగంగా పోయే గోళం మీద ఉన్నా ఆ కదలిక మనకు ఏమాత్రం తెలియదెందుకు?

జవాబు: వేగం ఎంత ఉన్నదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. కుదుపు లేకుండా, ఒకే వేగంతో, ఒకే దిశలో సాగే ఓడలో, కిటికీలు లేని గదిలో కూర్చున్నవారు ఎన్ని ప్రయోగాలు చేసినా ఓడ కదులుతోందో ఆగి ఉందో చెప్పలేరని గెలీలియో 1632లోనే వాదించాడు. అక్కడ పైకి విసిరిన బంతికి ఓడ వేగం ముందునుంచే ఉంటుంది కనుక, అది వెనక్కి పోకుండా మళ్లీ చేతిలోనే పడుతుంది.

చాలామంది వివరణను ఇక్కడితో ముగిస్తారు గాని, ఇది సగం జవాబే. భూమి వెళ్లేది వంపు దారిలో. దిశ మారుతోందంటే త్వరణం (వేగంలో గాని, దిశలో గాని వచ్చే మార్పు) ఉన్నట్టే. ఆ త్వరణం గురుత్వ త్వరణంలో (కింద పడే వస్తువుకు భూమి ఆకర్షణ ఇచ్చే త్వరణంలో) సుమారు 1,650వ వంతు మాత్రమే కాబట్టి తెలియడం లేదని కొందరంటారు. నిజానికి అది ఇంకా ఎక్కువైనా మనకు తెలిసేది కాదు. సూర్యుని ఆకర్షణ భూమికీ, దాని మీదున్న మనకూ దాదాపు ఒకే త్వరణాన్ని ఇస్తుంది కనుక, మనల్ని తనతోపాటు తిప్పుకోవడానికి నేల ప్రత్యేకంగా నెట్టవలసిన అవసరం రాదు. శరీరం గుర్తించగలిగేది ఆ నెట్టుడునే. 'దాదాపు' అనడానికి కారణం ఉంది: సూర్యునికి దగ్గరగా ఉన్న వైపుకూ దూరంగా ఉన్న వైపుకూ ఆకర్షణలో ఉండే చిన్న తేడా, చంద్రుని వల్ల కలిగే అలాంటి తేడాతో కలిసి, సముద్రాల్లో ఆటుపోట్లను పుట్టిస్తుంది.

భూమి తన చుట్టూ తాను తిరగడం సంగతి వేరు. దాని ప్రభావాన్ని గదిలో కూర్చునే కొలవవచ్చు. భూమధ్యరేఖ వద్ద వస్తువుల బరువు ధ్రువాల వద్ద కంటే సుమారు 0.5 శాతం తక్కువ; అందులో ఎక్కువ భాగం ఈ తిరుగుడు వల్ల, మిగిలినది భూమి నడుము భాగంలో ఉబ్బి ఉండటం వల్ల. ఆ ఉబ్బుకూ మూలం తిరుగుడే. 1851లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ఫూకో పారిస్‌లోని పాంథియాన్ భవనంలో 67 మీటర్ల తీగకు బరువైన గుండును వేలాడదీసి ఊపినప్పుడు, కింద భూమి తిరుగుతున్నందువల్ల అది ఊగే దిశ గంటకు సుమారు 11 డిగ్రీల చొప్పున మెల్లగా మారుతూ పోయింది. అదే లోలకాన్ని ధ్రువం వద్ద ఊపితే గంటకు 15 డిగ్రీలు మారుతుంది; భూమధ్యరేఖ మీద అసలు మారదు.