సాంకేతిక సందేహాలు: లైబ్రరీ వెంట వచ్చే లైబ్రరీలు

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ పలకల స్కాన్లు చదివి కొలతలిచ్చే పైథాన్ మాడ్యూల్‌ను సీ++లో రాశాం. స్కాన్లన్నీ టిఫ్ (ఒక ఇమేజ్ ఫార్మాట్) ఫైళ్లే. మా ఉబుంటు 24.04 లినక్స్‌లో బాగానే నడుస్తోంది. ఫ్యాక్టరీలోని 22.04 మెషీన్‌ మాత్రం ‘లిబ్‌టిఫ్.ఎస్‌ఓ.6 లేదు’ అంది. ఆ ఫైలు కాపీ చేస్తే ‘లిబ్‌లెర్క్.ఎస్‌ఓ.4’ అడిగింది. అదీ పెడితే ఇప్పుడు ‘జీలిబ్‌సీ_2.38 లేదు’ అంటోంది. ఇంకా ఎన్ని కాపీ చేయాలండీ?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు ఆ కాపీ చేసినవన్నీ తీసేయండి. మూడో ఎర్రర్ మొదటి రెండింటి జాతి కాదు. లిబ్‌టిఫ్ (టిఫ్ ఫైళ్లు చదివే లైబ్రరీ), లెర్క్ (అది వాడే కంప్రెషన్ లైబ్రరీ) మీ ప్యాకేజీలో వేసుకోవచ్చు, జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల సీ లైబ్రరీ) వేయకూడదు. అది లోడర్‌తో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను వెతికి తెచ్చేది) జతగా ఉండాలి, పైగా పైథాన్ మొదలైనప్పుడే సిస్టమ్‌ది మెమరీలోకి ఎక్కేసి ఉంటుంది. 24.04లో ఉన్న జీలిబ్‌సీ వెర్షన్ 2.39, ఫ్యాక్టరీలో 2.35. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడుస్తుందన్న భరోసా లేదు. ‘కొత్త ఫంక్షన్లేవీ వాడలేదే’ అనుకోకండి. జీలిబ్‌సీ 2.38, ఆ తర్వాతి హెడర్లతో జీ++ (సీ++ కంపైలర్) కంపైల్ చేస్తే స్ట్రటోల్ (అక్షరాల్లోని అంకెను సంఖ్యగా మార్చే ఫంక్షన్) లాంటి పాతకాపు కూడా కొత్త సింబల్‌కు (లైబ్రరీలోని ఫంక్షన్ పేరు) మళ్లుతుంది.

అందుకే బిల్డ్‌ను మెనీలినక్స్_2_28 (పాత లినక్స్‌ల మీదా నడిచే పైథాన్ ప్యాకేజీలు కట్టేందుకు సిద్ధం చేసిన) డాకర్ ఇమేజ్‌లో చేయండి. అది ఆల్మాలినక్స్ 8 మీద ఉంటుంది, జీలిబ్‌సీ 2.28, అంటే ఫ్యాక్టరీలోని 2.35 కన్నా పాతదే.

లిబ్‌టిఫ్‌ను కూడా ఆ ఇమేజ్‌ను నడిపే కంటెయినర్‌లోనే సోర్స్ నుంచి కట్టుకోండి. మీ తలనొప్పిలో ముప్పాతిక భాగం ఇక్కడే పోతుంది. ఉబుంటు ఇచ్చే లిబ్‌టిఫ్ ఎవరికి ఏది కావాలన్నా చాలేలా రకరకాల కంప్రెషన్ లైబ్రరీలను, జేపెగ్, జెడ్‌లిబ్, ఎల్‌జెడ్‌ఎమ్‌ఏ, జెడ్‌స్టాండర్డ్, వెబ్‌పీ, లెర్క్, జేబిగ్... పెళ్లివారి బస్సులా అందరినీ ఎక్కించుకుని వస్తుంది. మీ స్కానర్ ఏ కంప్రెషన్ వాడుతోందో ‘టిఫ్‌ఇన్‌ఫో’ కమాండ్‌తో చూడండి. ఎల్‌జెడ్‌డబ్ల్యూ అయితే అది లిబ్‌టిఫ్‌లోనే ఉంది, బయటి లైబ్రరీ ఒక్కటీ అక్కర్లేదు. డిఫ్లేట్ అయితే జెడ్‌లిబ్ చాలు. మిగతావన్నీ సీమేక్ (బిల్డ్ టూల్) ఆప్షన్లలో ఆఫ్ చేసేయండి. ముఖ్యంగా జేబిగ్. దాని లైసెన్స్ జీపీఎల్, అంటే దాన్ని కలిపి పంచితే మీ సోర్స్ కూడా ఇవ్వాలి. సోర్స్ ఇవ్వకుండా మాడ్యూల్ అమ్మాలనుకుంటే లిబ్‌టిఫ్ చాటున అదొచ్చి కూర్చోవడం ఏ ఎర్రర్‌లోనూ కనపడదు.

ఇలా కత్తిరించాక మిగిలినవాటికి ‘ఆడిట్‌వీల్ రిపేర్’ నడపండి. అది కావలసిన లైబ్రరీలను వీల్‌లోని (పైథాన్ ప్యాకేజీ ఫైలు) డాట్ లిబ్స్ ఫోల్డర్‌లోకి తెచ్చి, పేర్లకు హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టిన గుర్తు) తగిలించి, దారులు సరిచేస్తుంది. హ్యాష్ ఎందుకంటే, అదే ప్రాసెస్‌లో ఇంకో ప్యాకేజీ తన లిబ్‌టిఫ్ తెచ్చుకున్నా రెండూ కలబడకుండా. మీ కోడ్ నడుస్తుండగా డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌తో తెరిచే లైబ్రరీలు మాత్రం దీని కంటపడవు, వాటిని మీరే చూసుకోవాలి.

చేత్తోనే చేస్తామంటే ఒక మెలిక ఉంది. ప్యాచ్‌ఎల్ఫ్ (లైబ్రరీ ఫైళ్లను దిద్దే టూల్) మామూలుగా రాసేది రన్‌పాత్ (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే దారి). అది ఆ ఫైలు నేరుగా అడిగినవాటికే పనిచేస్తుంది, వాటి కింద ఉన్నవాటికి చేయదు. కాబట్టి మాడ్యూల్‌కు ఒక్కదానికే రాసి వదిలేస్తే లిబ్‌టిఫ్ దొరుకుతుంది, పక్కనే ఉన్న జేపెగ్ దొరకదు. ప్రతి లైబ్రరీకీ విడిగా ‘డాలర్ ఆరిజిన్’ (నేనున్న ఫోల్డర్‌లోనే వెతుకు అని అర్థం) రాయాలి.

అన్నీ చేరాయో లేదో చూసే కమాండ్లలో ‘రీడ్‌ఎల్ఫ్’ చూపేది నేరుగా అడిగినవి, ‘ఎల్‌డీడీ’ చూపేది వాటి కిందవాటితో సహా చెట్టు మొత్తం. రెండోది డెవలప్‌మెంట్ ప్యాకేజీలేవీ లేని ఉత్త 22.04 కంటెయినర్‌లో నడపండి. మీ మెషీన్‌లో అన్నీ దొరికినట్టే ఉంటాయి.

ప్రశ్న: విండోస్‌లో ‘డీఎల్‌ఎల్ లోడ్ ఫెయిల్డ్’ (లైబ్రరీ ఫైలు ఎక్కలేదు) అని మా మాడ్యూల్ పేరే చూపిస్తోంది. ఫైలు అక్కడే ఉంది. పాత్‌లో (సిస్టమ్ ఫైళ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) ఫోల్డర్ చేర్చినా ఫలితం లేదు.
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: లేనిది మీ మాడ్యూల్ కాదు, అది అడిగినదో, దాని కిందదో. ఎర్రర్‌లో ఆ పేరు రాదు. పైథాన్ 3.8 నుంచి మాడ్యూళ్లకు కావలసిన డీఎల్‌ఎల్‌ల కోసం పాత్‌లో వెతకడం ఆపేశారు, అందుకే మీ ప్రయత్నం పారలేదు. ఓఎస్ మాడ్యూల్‌లోని యాడ్_డీఎల్‌ఎల్_డైరెక్టరీతో ఫోల్డర్ చెప్పాలి, లేదా బిల్డ్ చేసేటప్పుడే ‘డెల్వ్‌వీల్ రిపేర్’ (ఆడిట్‌వీల్ పనిని విండోస్‌లో చేసే టూల్) నడపాలి. ఏది లేదో ‘డిపెండెన్సీస్’ అనే ఉచిత టూల్‌లో తెరిస్తే చెట్టంతా కనిపిస్తుంది; విజువల్ స్టూడియోతో వచ్చే డంప్‌బిన్ ఒక్క అంతస్తే చూపుతుంది. సీ++ మాడ్యూలైతే ముందు ఎంఎస్‌వీసీపీ140 (మైక్రోసాఫ్ట్ సీ++ ప్రామాణిక లైబ్రరీ) మీద అనుమానపడండి. పైథాన్ ఇన్‌స్టాలర్ దాని తోడు లైబ్రరీ వీసీరన్‌టైమ్140ను తెస్తుంది గానీ ఎంఎస్‌వీసీపీ140ను తేదు. విజువల్ స్టూడియో ఉన్న మీ సిస్టమ్‌లో ఈ లోటు తెలియదు.