డేటన్ లాంటి మధ్యస్థాయి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు మళ్లీ పైకి రావడానికి డబ్బు ఎక్కడిది?

ప్రధానంగా టికెట్ల నుంచి, దాతల నుంచి. పెద్ద కాన్ఫరెన్సుల (విశ్వవిద్యాలయ జట్ల లీగుల) విశ్వవిద్యాలయాలను అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ ఒప్పందాలు పోషిస్తాయి. ఒహాయోలోని డేటన్ విశ్వవిద్యాలయానికి ఆ ఆదాయం లేదు. 1967లో జాతీయ టోర్నమెంట్ ఫైనల్ దాకా వెళ్లి యూసీఎల్ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) చేతిలో ఓడిన జట్టు ఇది. ఊరు మాత్రం దాన్ని వదల్లేదు. 13 వేలకు పైగా సీట్లున్న దాని ఇండోర్ స్టేడియం యూడీ అరీనా ఏటా దాదాపు నిండుతుంది. నా దృష్టిలో అసలు మూలధనం ఆ జనమే.

ఆ జనం మీద భరోసాతోనే విశ్వవిద్యాలయం 7 కోట్ల డాలర్లకు పైగా పెట్టి అరీనాను దశలవారీగా ఆధునికీకరించింది. 2019లో పని పూర్తయింది. ఆ 2019–20 సీజన్‌లోనే ఓబీ టాపిన్ అనే ఆటగాడి ఆటతో జట్టు 29 గెలిచి రెండే ఓడింది, దేశంలో 3వ ర్యాంకు అందుకుంది. కోవిడ్‌తో జాతీయ టోర్నమెంటే రద్దయింది. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు లెక్క మారింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, గుర్తింపు మీద సంపాదించుకోవచ్చు. 2025–26 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. ఆ తొలి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి అన్ని క్రీడలకూ కలిపి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పుల ఖర్చు లేని డేటన్ తాను చెల్లించే డబ్బులో ఎక్కువ భాగం బాస్కెట్‌బాల్‌కే మళ్లించగలదు. అయితే మంచి ఆటగాణ్ణి తయారుచేశాక పెద్ద జట్లు ట్రాన్స్‌ఫర్‌లో (విశ్వవిద్యాలయం మారే పద్ధతిలో) ఎగరేసుకుపోకుండా ఆపడానికి ఏటా కొత్తగా చందాలు కావాలి. అరీనాకైతే ఒకసారి ఇస్తే సరిపోయేది.